ఎడమ స్టీరింగు జీపు

మొదటిసారి ఆ జీపు దగ్గరికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉంది. అది నాకు నచ్చలేదు.

ముప్పై మూడేళ్లు పశువైద్యుడిగా పనిచేసినవాడిని. సంతకు ఆవును తోలుకొచ్చేవాళ్లు కొందరు రెండు పూటలు పాలు పిండకుండా వదిలేస్తారు, పొదుగు నిండుగా కనబడాలని. పాత బండి అమ్మేవాళ్లూ అంతే, మనం వెళ్లేసరికి ఇంజిన్ ఒకసారి తిప్పి పెడతారు. వేడిమీదున్న ఇంజిన్ ఎవరు తాకినా అందుకుంటుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ ఎన్నో తిప్పుకు లేస్తుంది, మొదటి పొగ ఏ రంగులో వస్తుంది అన్నది తెలియకుండా ధర మాట్లాడకూడదు. జీపు అమ్ముతున్న తోట పెద్దాయనకు దణ్ణం పెట్టి, "అయ్యా, రేపు ఆరింటికే వస్తాను. అంతదాకా దీన్ని స్టార్టు చెయ్యనియ్యొద్దు" అని చెప్పి వచ్చేశాను.

ఆయన తోట మదనపల్లెకు పదిహేను కిలోమీటర్లు, హార్స్లీ కొండ దారిలో. జీపు మహీంద్రా సీజే 3బీ, 1971లో రిజిస్టరయింది. పెట్రోలు బండి, స్టీరింగు ఎడమపక్క. కొన్న ఇంట్లోనే యాభై ఏళ్లు దాటింది. అసలు ఆకుపచ్చ రంగు అక్కడక్కడా పలచబడి కింది ప్రైమరు కనిపిస్తోంది. సీటు గుడ్డ ఒక్కటే మార్చారు. ఆయన అడిగింది అయిదున్నర లక్షలు.

డబ్బు ఎలాగోలా చూసుకోవచ్చు. నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది అది చెక్కుచెదరకుండా ఉన్న తీరు. అలాంటి బండి ఎందుకు అరుదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే తేలికపాటి బండి ఒకటి కావాలని అడిగితే, బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ ఏడాది సెప్టెంబరులోనే నమూనా తయారుచేసి అప్పగించింది. చివరికి లక్షల్లో తయారుచేసిచ్చినవి మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు బయటికొచ్చాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో కంపెనీ పెట్టారు. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి అయ్యాక, 1948లో దాని పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బొంబాయిలో విడిభాగాలు దింపి బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారుచేశారు. సీజే 3బీ అంటే 1953లో అమెరికాలో వచ్చిన నమూనా. దాని హరికేన్ ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ లోపలికొచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికిపోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది. అది పట్టాలంటే బానెట్టునూ పైకి లేపాల్సి వచ్చింది. కళ్లు కిందికీ నుదురు పైకీ ఉన్నట్టుండే ఆ ముఖం మన తహసీల్దారు ఆఫీసుల ముందర, పోలీసు స్టేషన్ల ముందర, ఎన్నికల మైకుల కింద చూడనివాళ్లు మా తరంలో లేరు. అమెరికాలో 1968లో ఆపేసిన ఆ నమూనాను మనవాళ్లు ఆ తర్వాతా చేస్తూ వచ్చారు. అమెరికా నమూనా కాబట్టి స్టీరింగు ఎడమపక్కే ఉండేది. అందుకే ఎన్నో జీపుల వెనక 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉండేది.

మరి అన్ని జీపులు ఏమయ్యాయి? చాలావరకు ఉన్నాయి, కానీ అవి ఆ జీపులు కావు. పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజిన్ పీకి మెటడోర్ డీజిల్ ఇంజిన్ పెట్టారు. చాసిస్ కోసి పొడుగు చేసి పది మందిని ఎక్కించారు. ఈ మధ్య ఇంకో మోజు వచ్చింది. వెడల్పాటి టైర్లు, పెద్ద బంపరు, కొత్త బాడీ. పంజాబు మోగా, హర్యానా మండీ డబ్వాలీ పేర్లు జీపు పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. అక్కడ కొత్త రేకుతో జీపు కట్టి ఇస్తారు. చూడటానికి తళతళలాడుతుంది. అది పాత జీపు మాత్రం కాదు.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దానికి కారణం మా పుంగనూరు ఆవు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో సంకరం చేయించడమే మా పని. పాలు పెరిగాయి, రైతులు బాగుపడ్డారు, కాదనను. కానీ మూడడుగుల ఎత్తు పుంగనూరు ఆవు ఈ ప్రాంతంలోనే వెతికితే తప్ప దొరకని స్థితికి వచ్చింది. పలమనేరు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని నిలబెట్టడానికి పడ్డ శ్రమ నేను దగ్గర్నుంచి చూశాను. ప్రతి సంకరానికీ ఆ రోజుకు ఒక మంచి కారణమే ఉంటుంది. జీపులో డీజిల్ ఇంజిన్ పెట్టినవాడికీ మంచి కారణమే ఉండింది. అలా మంచి కారణాలన్నీ కూడి, అసలుది కనబడకుండా పోతుంది.

మర్నాడు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాను. మదనపల్లె బెంగళూరు రోడ్డులో ఆయన షెడ్డు. నలభై ఏళ్లుగా జీపుల కింద పడుకుని పనిచేసిన మనిషి. బండి చుట్టూ తిరిగాడే గాని బానెట్ తెరవలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి రేకుమీద అక్కడక్కడా ఆనించాడు.

"రంగు జూసి మోసపోగూడదు సార్. పుట్టీ పెట్టినకాడ ఇది అతుక్కోదు" అన్నాడు.

అన్నిచోట్లా అతుక్కుంది, వెనక టెయిల్ బోర్డు కింది అంచు తప్ప. తర్వాత మ్యాట్లు ఎత్తించాడు. ఈ జీపుల్లో నేలరేకు కింద బలానికి టోపీ ఆకారపు పట్టీలు ఉంటాయి. వాటిలో తేమ నిలిచి లోపల్నుంచి తుప్పు తింటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. స్క్రూడ్రైవరు మొనతో పొడుస్తూ పోతే డ్రైవరు కాళ్ల దగ్గర రెండు వేళ్ల వెడల్పున మెత్తగా దిగింది. అంతే. చాసిస్ కింద, కమాన్ కట్టలు బిగించేచోట, స్టీరింగు బాక్సు కూర్చునేచోట పాత వెల్డింగు మచ్చ ఉందేమోనని టార్చి వేసి వెతికాడు. జీపుల్లో చాసిస్ పగిలేది అక్కడే. ఏమీ లేదు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తి వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు. లీకు లేదు.

టైర్లు మాత్రం నన్ను మోసం చేయబోయాయి. ఆరు బై పదహారు సైజు, పళ్లు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. మేస్త్రీ పక్కన చిన్న అంకెలు చూపించాడు. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2009 టైర్లు. తిరక్కుండా షెడ్డులో నిలబడే రబ్బరు గట్టిపడిపోయింది. అయిదు టైర్లూ మార్చాల్సిందే.

అప్పుడు స్టార్టు చేయమన్నాం. చోక్ లాగి తిప్పితే మూడో తిప్పుకు లేచింది. మొదట తెల్లటి ఆవిరి, తర్వాత ఏమీ లేదు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. గేజి పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూశాడు. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. గేరుబాక్సులోంచి ఆయిల్ పక్కనున్న ట్రాన్స్‌ఫర్ కేసులోకి దిగుతోంది. ఈ జీపుల్లో అది మామూలే, సీలు మారిస్తే సరిపోతుందట. ముందు చక్రాల గుండ్రటి కీళ్ల (నకిల్స్) దగ్గర గ్రీజు కారుతోంది. స్టీరింగు నాలుగు వేళ్ల మేర ఊరికే తిరుగుతోంది. మొత్తం పనికి లక్ష దాకా అవుతుందని మేస్త్రీ లెక్క కట్టాడు. "ఇంజిన్ ముట్టుకోబళ్లేదు సార్. ఎవురూ చెయ్యి పెట్టని బండి" అని రెండుసార్లు అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఇక కాగితాలు. చాలామంది బండి కొన్న తర్వాత చూసేది ఇదే, నా మట్టుకు మొదట చూడాల్సింది ఇదే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును ఆర్సీ పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చాను. ఇంజిన్ నంబరూ అంతే. ఇంధనం అన్నచోట పెట్రోలు అని ఉంది, బండిలో ఉన్నదీ పెట్రోలు ఇంజినే. ఇది చిన్న విషయం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆర్సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిల్ ఉన్న జీపు ఎంత బాగా నడిచినా దాన్ని కొన్నవాడు రేపు ఫిట్‌నెస్ పరీక్షలో నిలబడలేడు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి పునరుద్ధరించుకోవాలి. హరిత పన్ను వేరే. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఈ పునరుద్ధరణ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున జరిమానా. పదేళ్లు గడువు దాటి షెడ్డులో పడి ఉన్న బండిని చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. పెద్దాయన ఒక్కసారీ గడువు దాటనివ్వలేదు. పాత రశీదులన్నీ రేకుపెట్టెలో, రబ్బరుబ్యాండు వేసి, ఏడాది వారీగా ఉన్నాయి.

యాభై ఏళ్లు దాటింది కాబట్టి ఈ జీపుకు ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత పునరుద్ధరణకు 5,000. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. గౌరవంగానే ఉంటుంది. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. అంటే ఆ నంబరు పెట్టించుకోకముందే బండి ఎందుకు కొంటున్నామో మనసులో తేలిపోవాలి.

అది తేల్చుకోవడానికి ఒకరోజు బండి అడిగాను. పెద్దాయన తాళం ఇచ్చాడు.

పెట్రోలు పోయించేటప్పుడు మేస్త్రీ జాగ్రత్త చెప్పాడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ ఇంజిన్ పుట్టిననాటి రబ్బరు పైపులకూ, ఫ్యూయల్ పంపులోని డయాఫ్రంకూ అది పడదు. ఉబ్బి, పెళుసుబారి లీకవుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా, బండి నెలల తరబడి కదలకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కొనేవాళ్లు మొదటి పనిగా పైపులన్నీ ఇథనాల్‌కు ఆగే రకంతో మార్చుకోవాలి. బండిని నెలల పాటు నిలపాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి పెట్టుకోవాలి.

మూడే గేర్లు, రివర్సు కాక. ఫస్టు గేరులో సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగితేనే పడుతుంది. పక్కన రెండు చిన్న లివర్లు. ఒకటి ముందు చక్రాలకు శక్తి ఇవ్వడానికి, రెండోది వేగం తగ్గించి బలం పెంచే 'లో' గేరుకు. వంకలో ఇసుక మేట దగ్గర దిగి రెండూ వేశాను. క్లచ్ వదలగానే అది దూకలేదు, పరిగెత్తలేదు. నడిచింది. చక్రాలు నాలుగూ నింపాదిగా ఇసుకను పట్టుకుని, నడవాల్సిన దారి తెలిసిన ఎద్దులా అవతలి గట్టెక్కింది. అవతల తారురోడ్డు రాగానే ముందు చక్రాల లివరు తీసేశాను. తెలియనివాళ్లు అలాగే పోనిస్తారు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ జీపులో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. ఇసుకలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది, తారుమీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లమీద పడుతుంది.

హార్స్లీ కొండ ఘాటు సగం ఎక్కాక ఇంజిన్ ఆగిపోయింది. ఎండకు పంపులో పెట్రోలు ఆవిరై బుడగ కట్టింది. తడిగుడ్డ పంపుమీద వేసి పావుగంట చెట్టుకింద కూర్చున్నాను. మళ్లీ లేచింది. దిగేటప్పుడు బ్రేకుల గురించి ఆలోచించాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బ్రేకు గొట్టం ఒకే దారి, ఒకచోట లీకైతే నాలుగూ పోతాయి. హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక తిరిగే షాఫ్టును పట్టుకుంటుంది. అందుకే వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపితే హ్యాండ్‌బ్రేకు ఉన్నా బండి కదిలిపోతుంది, తప్పక రాళ్లు అడ్డం పెట్టాలి. ఎడమపక్క కూర్చుని లారీని దాటడం ఇంకో కష్టం. కుడిపక్క కూర్చున్న మనిషి "రా, రా" అనకపోతే ఎదురుగా ఏమొస్తోందో కనబడదు.

ఇవన్నీ నాకు తెలిసిన కష్టాలే. నన్ను ఆపింది అవి కాదు, నా కుడిభుజం.

చూడి ఆవులను పరీక్షించడానికి, అడ్డం తిరిగిన దూడలను సరిచేసి లాగడానికి మూడు దశాబ్దాలు భుజం దాకా చెయ్యి పెట్టినవాళ్లలో చాలామందికి చివరికి మిగిలేది ఈ నొప్పే. కొండ దిగి ఇల్లు చేరేసరికి చెయ్యి పైకెత్తి చొక్కా విప్పలేకపోయాను. నా నాలుగెకరాల టమోటా చేను పదకొండు కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావాలి. నెలకోసారి మా ఆవిడను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నూట ఇరవై కిలోమీటర్లు. రాత్రి మేస్త్రీకి ఫోన్ చేసి అడిగాను, "దీనికి పవర్ స్టీరింగు పెట్టొచ్చా? బ్రేకులు ముందర డిస్కులు వేస్తే?"

"పెట్టచ్చు సార్. ఏందైనా పెట్టచ్చు" అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. "అట్లయితే ఈ బండి ఎందుకు సార్? షెడ్డులో ఇంకోటుండాది. డీజిల్‌ది, బాడీ మార్చిందే, కాగితాలు సరిగ్గుండాయి. దానికి పెడదాం."

ఆ రాత్రి నాకు తేలింది. బండి ఎంత చెక్కుచెదరకుండా ఉంటే, దాన్ని నా అవసరానికి వంచే హక్కు నాకంత తక్కువ. పవర్ స్టీరింగు పెట్టాలంటే చాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డు చెయ్యాలి. ఆ తర్వాత డిస్కులు. ఆ తర్వాత డీజిల్ ఇంజిన్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. ప్రతిదానికీ నా దగ్గర మంచి కారణమే ఉంటుంది. మార్చకుండా ఉంచుకుందామంటే ఆదివారం ఒక్క గంట తిప్పి షెడ్డులో పెట్టాలి. నాకు షెడ్డు లేదు. రేకుల చావడి కింద వానకు తడిపి దాన్ని పాడుచెయ్యలేను.

మీరూ ఇలాంటి బండి చూసి మనసు పడితే, దాన్ని వారంలో ఏయే పనికి తీస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. సోమవారం నుంచి ఆదివారం దాకా, ఊరి పేర్లతో, కిలోమీటర్లతో. ఆ పనులన్నీ బండిని ఉన్నదున్నట్టుగా ఉంచే చేయగలిగితే కొనండి. పోటీగా ఇంకొకరు రాకముందే కొనండి, ఇలాంటివి మళ్లీ దొరకవు. ఒక్క పనికైనా "ఇది కాస్త మారిస్తే" అనిపిస్తే, ఇప్పటికే ఎవరో మార్చేసిన జీపును, కాగితాలు సరిగ్గా ఉన్నదాన్ని చూసుకోండి. దాని మీద మీకు పూర్తి హక్కుంటుంది.

మర్నాడు పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను. బెంగళూరు నుంచి ఒక కుర్రాడు అడుగుతున్నాడని, ఆరు లక్షలు ఇస్తానన్నాడని ఆయన అన్నాడు. "ఇంజిన్ మారుస్తాడేమో అడగండయ్యా. మార్చను అంటేనే ఇవ్వండి. వీఏ నంబరు సంగతి కూడా చెప్పండి, అతను రోజూ తిప్పేవాడు కాకపోతే" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆయన వయసు ఎనభై దాటింది. కొడుకులిద్దరూ అమెరికాలో.

"ఒగ రౌండు పోదామా డాక్టరూ?" అన్నాడు.

షెడ్డులోంచి ఆయనే బయటికి తీశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా శాఖ జీపులోనూ డ్రైవరు ఎడమపక్క, నేను కుడిపక్క. అలవాటుగా అటే వెళ్లి ఎక్కి కూర్చున్నాను. తోట గేటు దాటి తారురోడ్డు ఎక్కేచోట ఆయన బండి ఆపి నావైపు చూశాడు. నేను కుడివైపుకు వంగి, వంపుదాకా రోడ్డు చూసి, "రండి, ఏమీ రావడం లేదు" అన్నాను.